చందా పుస్తకంలో మొదలైన స్వపరిపాలన

మా కాలనీ సంక్షేమ సంఘం వినాయకుడి చందా పుస్తకంలోంచి పుట్టింది. చెంగిచెర్లలో మేం ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకున్న కొత్తలో రోడ్డు లేదు, మోరీ లేదు, వీధి దీపం లేదు. పక్కింటివాళ్ల పేరు కూడా తెలియదు. చవితి దగ్గరపడుతోందని నలుగురు పిల్లగాళ్లు రసీదు పుస్తకం కొట్టించి ఇల్లిల్లూ తిరిగారు. నిమజ్జనం అయిపోయాక మిగిలిన డబ్బు ఎవరి దగ్గర ఉండాలనే దగ్గర పేచీ వచ్చింది. ఆ పేచీ తీర్చడానికి కూర్చున్న రాత్రే ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, ఒక కోశాధికారి తేలారు. నెలనెలా లెక్క చదివి వినిపించాలని నోటుబుక్కులో రాసుకున్నారు. తర్వాత ఆ ముగ్గురే బోరు మోటారు కోసం గ్రామ పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగారు. దేవుడి పేరు చెబితే కూడిన జనం, మోరీ పేరు చెబితే కూడేవాళ్లు కాదు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ని. చెంగిచెర్ల డిపో బండిలో ఉప్పల్, రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా కోఠీ దాకా, స్టేజీ వచ్చినప్పుడల్లా ఎస్సార్ కాగితం మీద టికెట్ల నంబర్లు రాసుకుంటూ బతికాను. అందుకేనేమో, చరిత్ర పుస్తకం తెరిచినా నా కళ్లు ముందు యుద్ధాల మీద పడవు. చందాలు, సభ్యుల జాబితాలు, తీర్మానాల మీద పడతాయి. ప్రజాస్వామ్యం మనకు 1950 జనవరి 26న రాజ్యాంగంతో వచ్చిందంటారు. అందరికీ ఓటు అప్పుడే వచ్చింది, కాదనను. కానీ అధ్యక్షుణ్ని ఎన్నుకోవడం, ఎదుటివాడి మాట నచ్చకపోయినా చివరిదాకా వినడం, ఓడిపోయినవాడు అలిగి వెళ్లకుండా మళ్లీ వారం సభకు రావడం, కోశాధికారిని నిలబెట్టి అడగడం, ఇవి ఒక్క రోజులో వచ్చే విద్యలు కావు. ఓటు అన్న మాటే లేని హైదరాబాద్‌లో జనం వాటిని అంతకు అరవై, డెబ్బై ఏళ్ల ముందే సాధన చేశారు. సాధన చేసిన చోట్లు చాలావరకు ప్రార్థన మందిరాలు, భజన కూటాలు, పుస్తకాల గదులు. వాటిలో ముఖ్యమైనవి నా బస్సు ఆఖరి స్టాపు చుట్టూనే ఉన్నాయి.

కోఠీలో దిగితే తెల్లటి పెద్ద స్తంభాల భవనం కనిపిస్తుంది. ఇవాళ అది చాకలి ఐలమ్మ పేరు పెట్టిన మహిళా విశ్వవిద్యాలయం. కట్టించింది మాత్రం కిర్క్‌పాట్రిక్ దొర, బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్నప్పుడు, 1800ల తొలి ఏళ్లలో. బ్రిటిష్ వాళ్లతో చేసుకున్న 1798 ఒప్పందం తర్వాత నిజాం గద్దె మీద ఉన్నాడు, ఫర్మానాలు ఆయనవే, నాణేలు ఆయనవే. అయినా దివాన్‌గా ఎవరుండాలో, సైన్యం ఎంతుండాలో ఆ స్తంభాల వెనక మాట్లాడుకునేవాళ్లు. భవనం చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లలో నిజాం పోలీసులకు, కోర్టులకు పని లేదు. అక్కడ బ్రిటిష్ వాళ్ల అధికారం నడిచేది. 1933లో గానీ ఆ బజార్లు తిరిగి నిజాం చేతికి రాలేదు. ఇవాళ్టి సుల్తాన్ బజార్ అదే.

ఒక ఊళ్లో రెండు సర్కార్లు ఉంటే మామూలు మనిషికి రెట్టింపు బాధ. అయితే ఆ రెండింటి మధ్య ఒక సందు కూడా దొరుకుతుంది. హైదరాబాద్‌లో కొత్త ఆలోచనలు తలదాచుకున్నది ఆ సందులోనే. మూసీకి అవతల పాతబస్తీలో చెప్పలేని మాటను ఇవతల చాదర్‌ఘాట్‌లో, సుల్తాన్ బజార్‌లో కొంచెం గొంతెత్తి చెప్పే వీలుండేది. మా చెంగిచెర్ల వైపు ఊళ్లకు ఆ వీలు కూడా లేదు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లాలో చాలా ఊళ్లు సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖజానాకు శిస్తు కట్టే ఊళ్లు. అక్కడ పటేల్, పట్వారీల నోటి మాటే శాసనం.

అదే కాలంలో గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్ల సంగతి వేరు. వాళ్లు నేరుగా బ్రిటిష్ పాలనలో ఉన్నారు. అది పరాయి పాలనే, కానీ పత్రిక పెట్టుకోవచ్చు, సభ జరుపుకోవచ్చు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1878లో ప్రార్థన సమాజం పెట్టారు, 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం చేయించారు. 1882లో వైస్రాయ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం చేస్తే, 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. అక్కడ సమాజ మందిరంలో వాదించడం అలవాటైనవాళ్లు బోర్డు మీటింగుల్లోకి, పురపాలక సంఘాల్లోకి వెళ్లగలిగారు. ఇక్కడ అలా వెళ్లడానికి ఎన్నికైన బోర్డే లేదు. 1893లో పెట్టిన శాసన మండలిలో ఉన్నది దాదాపు సర్కారు అధికారులు, సర్కారు ఎంచిన మనుషులే.

సర్కారును నేరుగా లెక్క అడిగితే ఏమవుతుందో 1883లోనే తేలిపోయింది. బెంగాల్ నుంచి వచ్చిన అఘోరనాథ్ చటోపాధ్యాయ ఇక్కడ ఇంగ్లీషు చదువుకు బడి పెట్టినవాడు, తర్వాత నిజాం కాలేజీకి తొలి ప్రిన్సిపాల్. సరోజినీ నాయుడు తండ్రి. మతానికి బ్రహ్మ సమాజీకుడు. విగ్రహం లేదు, కులం లేదు, ప్రార్థనకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆయన ఇంట్లో హిందువులు, ముస్లింలు కలిసి రాత్రిళ్లు వాదించుకునేవాళ్లు. ఆ ఏడాది చాందా రైలు మార్గం పనిని లండన్‌లో కంపెనీ పెట్టి కట్టించే ఏర్పాటు బయటికి పొక్కింది. షరతులేమిటి, ఖజానా మీద పడే భారమెంత, ఆ కాగితాలు మాకు చూపించండి అని నగర పెద్దలు ఒక కమిటీగా కూడి అడిగారు. అఘోరనాథ్ అందులో ముందున్నాడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఆయనకు తోడు నిలిచాడు. అడిగింది అధికారం కాదు, తిరుగుబాటు అసలే కాదు. పద్దు చూపించమన్నారు, అంతే. మే నెలలో అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి బయటికి పంపేశారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ రానిచ్చారనుకోండి.

హైదరాబాద్ స్వపరిపాలన చరిత్ర రాస్తే మొదటి పేజీలో ఏ రాజునో, ఏ దివాన్‌నో కాదు, ఈ పద్దు అడిగిన కమిటీని పెట్టాలని నా అభిప్రాయం. ఓటు తర్వాతి సంగతి. నా డబ్బు ఏమైందని అడగడం ముందు.

రాజకీయం అంటే పొలిమేర దాటిస్తారని తెలిశాక జనం దేవుడి దారి పట్టారు. ఇది ఎత్తుగడ అని నేననను. చాలామందికి అది నిజమైన భక్తే, నిజమైన ఆలోచనే. కానీ మతం పేరున కూడితే సర్కారు వెంటనే చేయి వేయడానికి జంకేది. 1892లో సుల్తాన్ బజార్‌లో ఆర్యసమాజం వచ్చింది. 1895లో చాదర్‌ఘాట్, శాలిబండల్లో గణేశ ఉత్సవాలు వీధికెక్కాయి. తిలక్ పుణెలో సామూహికంగా మొదలుపెట్టిన రెండేళ్లకే.

ఆర్యసమాజం గురించి చెప్పేటప్పుడు అందరూ వేదాలు, హోమాలు, శుద్ధి గురించి చెబుతారు. నాకు ఆసక్తి దాని నియమావళి మీద. దయానందుడు 1875లో బొంబాయిలో మొదలుపెట్టినప్పటి నుంచీ అది పీఠం కాదు, మఠాధిపతి లేడు. వారానికోసారి సభ. ప్రధాన్, మంత్రి, కోశాధ్యక్షుడు ఎన్నికల మీద వస్తారు. సభ్యుడు తన సంపాదనలో నూటికి ఒక వంతు సమాజానికి ఇవ్వాలి. ఇచ్చినవాడికి అడిగే హక్కు, ఎన్నుకునే హక్కు. తండ్రి తర్వాత కొడుకు గద్దెనెక్కే రాజ్యంలో, గురువు చెప్పిందే వేదంగా సాగే మఠాల మధ్యలో, ఒక గుమాస్తా చేయెత్తి తన అధ్యక్షుణ్ని తానే ఎన్నుకోవడం చిన్న విషయం కాదు. కేశవరావు కోరట్కర్ లాంటి వకీళ్లు హైదరాబాద్‌లో ప్రజా జీవితం నేర్చుకున్నది ఆ గదిలోనే. చందా కట్టినవాడికి ఓటు అన్నది మంచి నియమమే. మా కాలనీ సంఘంలో కిరాయికి ఉండేవాళ్ల దగ్గర చందా తీసుకుంటాం, ఓటు ఇవ్వం. ఆ లెక్కన మేం 1892 కంటే వెనకే ఉన్నాం.

ఇది మన ఒక్కరి కథే కాదు. అట్లాంటిక్ దాటి వెళ్లి ఉత్తర అమెరికాలో వలసలు కట్టుకున్న ఇంగ్లీషువాళ్లు 1620లోనే, మేఫ్లవర్ ఓడ దిగకముందే, మా కట్టుబాట్లు మేమే రాసుకుంటామని సంతకాలు పెట్టుకున్నారు. న్యూ ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లలో పాస్టరును పెట్టుకునేదీ తీసేసేదీ చర్చి సభ్యులే. ఊరి రోడ్డు, ఊరి పన్ను మాట్లాడుకునే సభ కూడా తరచు ఆ చర్చి గదిలోనే కూర్చునేది. 1740ల్లో చెట్ల కింద, మైదానాల్లో ప్రసంగాలు చేసిన ఊరూరి బోధకులు వచ్చాక, పెద్ద చదువుల పాస్టరు చెప్పిందే దేవుడి మాట కాదన్న ధైర్యం మామూలు రైతుకు వచ్చింది. ముప్పై ఏళ్లకు వాళ్లు రాజునే ప్రశ్నించారు. కాకపోతే ఆ సభల గడప దాటి బానిసలు ఓటుకు రాలేదు, ఆడవాళ్లు రాలేదు. ఇక్కడ గడప బయట ఎవరున్నారన్నది నేను చివర చెప్పబోయే మనిషి కథ.

దేవుడి గది పక్కనే పుస్తకాల గది వెలిసింది. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వెనక నిలబడ్డారు. ఇప్పటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది, వెళ్లి కూర్చుని చదువుకోవచ్చు. 1906లో ఇదే బృందం హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి, మొట్టమొదట అచ్చు వేసిన పుస్తకం ఏమిటో తెలుసా? అబ్రహాం లింకన్ చరిత్ర. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాశారు, 1907లో వచ్చింది. పురాణం కాదు, శతకం కాదు. కట్టెలు కొట్టే ఇంట్లో పుట్టి దేశాధ్యక్షుడై బానిసలను విడిపించిన మనిషి కథ, నిజాం రాజ్యంలో నడుము కట్టుకున్న తెలుగువాళ్లు మొదట చదవాల్సిన పుస్తకమని వాళ్లకు తోచింది. ఈ ఎంపిక చేసినవాళ్లకు నేను దండం పెడతాను.

ఆ పుస్తకాల గదులకు వచ్చేవాళ్లే 1921లో ఆంధ్ర జనసంఘం పెట్టారు. ఆ కథ బడిపిల్లలకు కూడా తెలుసు. వివేకవర్ధని థియేటర్‌లో సంస్కర్త కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు వకీలు తెలుగులో మాట్లాడబోతే జనం అల్లరి చేసి కూర్చోబెట్టారు. తెలుగువాళ్లు లేచి వచ్చి, టేక్మాల్ రంగారావు ఇంట్లో కూర్చుని, సొంత సంఘం పెట్టుకున్నారు. గ్రంథాలయాలు, పఠన మందిరాలు, బడులు, పాత శాసనాల సేకరణ, ఇవీ దాని ఆశయాలు. రాజకీయం ఊసు లేదు. ఊసు లేకుండా జాగ్రత్తపడ్డారు మాడపాటి హనుమంతరావు లాంటి పెద్దలు, ఎందుకంటే సర్కారు హుకుం ప్రకారం ముందు అనుమతి లేనిదే సభ జరగడానికి లేదు. 1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ అనుమతి తీసుకునే జరిగింది. దాని పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ.

మా చెంగిచెర్ల చౌరస్తా నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక భువనగిరి వస్తుంది. 1944లో అక్కడ జరిగిన ఆంధ్ర మహాసభలో వకీళ్ల సంఘం కాస్తా రైతుకూలీల సంఘం అయింది, మితవాదులు విడిపోయారు. పల్లెల్లో దానికి 'సంగం' అని ఒక్క మాటే. సంగంలో చేరిన చాకలి ఐలమ్మ తన పంట తాను కోసుకోవడానికి దేశ్‌ముఖ్‌తో తలపడింది. రెసిడెంటు దొర భవనానికి ఇవాళ ఆమె పేరుంది.

మతం ఇచ్చిన నీడ ఉచితం కాదు, కిరాయి గట్టిగానే వసూలు చేసింది. 1938 సెప్టెంబర్ 7న హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను, అది ఇంకా పూర్తిగా ఏర్పడకముందే, సర్కారు నిషేధించింది. ఆ అక్టోబర్‌లో మొదలైన కాంగ్రెస్ సత్యాగ్రహం డిసెంబర్‌లోనే ఆగిపోయింది. ఆర్యసమాజం సత్యాగ్రహం మాత్రం 1939 వేసవి దాటేదాకా సాగింది. ఉత్తరాది నుంచి రైళ్లెక్కి వచ్చి మరీ వేలమంది జైళ్లు నింపారు. అడిగింది న్యాయమైనదే: పూజకు, ప్రచారానికి, బడి పెట్టుకోవడానికి స్వేచ్ఛ. కానీ బాధ్యతగల ప్రభుత్వం కావాలన్న కేక పక్కకు పోయి, హిందూ ప్రజ, ముస్లిం రాజు అన్న తగాదాగా దాన్ని చదవడం మొదలైంది. ఇటు ముస్లింల సంస్థ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ కూడా రాజ్యాధికారం తమ మతస్థులదేనన్న వాదాన్ని పెంచింది. అఘోరనాథ్, అబ్దుల్ ఖయ్యూం ఒకే కాగితం మీద పద్దు అడిగిన ఊరు యాభై ఐదేళ్లలో ఇక్కడికి వచ్చింది. పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టినప్పుడు బస్సు దారి మళ్లించుకుని తిప్పినవాణ్ని నేను. ఆ విభజన బరువు కొంచెం తెలుసు.

ఇక ఆ గడప బయట మనిషి. చాదర్‌ఘాట్ దగ్గర బస్సు నెమ్మదిస్తే ఆది హిందూ భవనం అడగండి. భాగ్యరెడ్డి వర్మ కూర్చుని పనిచేసిన చోటు. నా మట్టుకు నాకు హైదరాబాద్‌లో స్వపరిపాలన అన్న మాటకు అసలైన అర్థం చెప్పినవాడు ఆయనే.

1888 మే 22న హైదరాబాద్‌లో మాల కుటుంబంలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు మాదరి భాగయ్య. వాళ్ల కుటుంబ గురువు, మనం ఈ నేలను మొదట ఏలినవాళ్లం, రేడు అన్న మాట మనదే అని చెప్పి భాగ్యరెడ్డిగా పేరు మార్చాడు. వర్మ అన్నది తర్వాత ఆర్యసమాజం వాళ్లు ఇచ్చిన గౌరవం. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పనిచేస్తూ చదువు, లోకజ్ఞానం సంపాదించుకున్నారు. చూడండి, ఒక మనిషి పేరులోనే శైవ గురువు, దయానందుడి సమాజం ఉన్నారు. చదువులో కాథలిక్ ఇల్లు ఉంది. బ్రహ్మ సమాజీకులతో స్నేహం ఉంది. 1913 నుంచి ఇంట్లో బుద్ధ జయంతి జరిపారు. ఏ మతం తలుపు తెరిస్తే ఆ గదిలోకి వెళ్లి, పనికొచ్చేది తీసుకుని, మళ్లీ తన వాడకు వచ్చేశారు.

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్మిత్ర మండలి పెట్టారు. చేసిన పని హరికథలు చెప్పించడం, భజనలు పెట్టడం. పగలంతా కూలి చేసి వచ్చిన మనిషిని ఉపన్యాసానికి రమ్మంటే రాడు. కథ ఉంది రమ్మంటే చాప పట్టుకుని వస్తాడు. కథ మధ్యలో ఆపి పిల్లల చదువు గురించి, తాగుడు గురించి, చిన్నపిల్లలను దేవుడి పేరున జోగినిగా వదిలే దురాచారం గురించి చెప్పేవాళ్లు. 1911కు అది మాన్య సంఘంగా మారింది. పదేళ్లకు ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. దానికి హైకోర్టు జడ్జి రాయ్ బాలముకుంద్ లాంటి పెద్దమనుషుల తోడ్పాటు దొరికింది.

1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో బడులు మొదలయ్యాయి. సర్కారు బడిలో చదువు ఉర్దూలో, ఆ బడి గుమ్మం తొక్కనిచ్చేవాళ్లే తక్కువ. ఈయన బడుల్లో చదువు తెలుగులో. 1930ల తొలి ఏళ్లకు అవి 26 బడులయ్యాయి, రెండున్నర వేల మందికి పైగా పిల్లలు. బడి పెట్టాలని అర్జీ రాసి ఇరవై ఏళ్లు ఎదురుచూడవచ్చు. ఆయన ముందు బడి పెట్టి, తర్వాత సర్కారు చేత ఖర్చు భరింపజేశారు.

నన్ను మరీ ఆకట్టుకునేది ఆయన నడిపిన పంచాయతీ కోర్టులు. వాడల్లో కుల పంచాయతీ ఎప్పటి నుంచో ఉంది. పెళ్లి తగాదా, విడాకులు, అప్పు, కొట్లాట, ఏదైనా పెద్దల ముందుకే. జరిమానా కట్టాలి, ఆ జరిమానా కల్లు రూపంలో అక్కడికక్కడే ఖర్చయ్యేది. భాగ్యరెడ్డి వర్మ దాన్ని పడగొట్టలేదు, దానికి పద్ధతి పెట్టారు. నగరంలోని వాడల పంచాయతీలన్నిటికీ పైన ఒక కేంద్ర పంచాయతీ, దానికి తానే ముఖ్య న్యాయకర్త. సర్కారీ అదాలత్‌కు వెళితే స్టాంపు కాగితం, వకీలు ఫీజు, తెలియని భాష. ఇక్కడ తమ భాషలో, తమవాళ్ల ముందు. శాసన మండలిలో కుర్చీ లేదు, మునిసిపాలిటీలో ఓటు లేదు, గుడిలోకి ప్రవేశం లేదు. అయినా వాళ్లకు తమ న్యాయస్థానం ఉంది, తమ బడులున్నాయి, 1931 నుంచి 'భాగ్యనగర్' అనే తమ పత్రిక ఉంది. 'వెట్టి మాదిగ' అన్న రచనను ఆయన అందులోనే అచ్చేశారు. స్వపరిపాలన అంటే ఇది కాక ఇంకేమిటి?

ఆయనను దేవుణ్ని చేయడం నాకిష్టం లేదు. మాంసం, మద్యం మానేస్తే పై కులాలు గౌరవిస్తాయన్న నమ్మకం ఆయనలో ఉండేది, జీవహింస వద్దని ప్రచారం చేసేవాళ్లతో కలిసి తిరిగారు. కల్లు సంగతి ఒప్పుకుంటాను. మాంసం సంగతి మింగుడు పడదు. మాంసం మీద జాతీయ పరిశోధన కేంద్రం ఉన్న ఊరు మాది, మేకల కబేళా ఉన్న ఊరు మాది, ఆదివారం కూర లేకపోతే మా ఇంట్లో ఆదివారమే కాదు. తినే తిండిని బట్టి మనిషిని తక్కువ చేసినవాళ్లదే తప్పని ఆయన గట్టిగా అని ఉండాల్సింది. ఆయన సంఘంలో మాలల మాటే ఎక్కువ నడుస్తోందని మాదిగలు అరుంధతీయ సంఘాలు వేరుగా పెట్టుకున్నారు. మరో ఆది హిందూ నాయకుడు అరిగె రామస్వామి తన దారి తాను చూసుకున్నారు. చీలికలు లేని సంఘం చచ్చిన సంఘం అంటారు మా యూనియన్‌లో పాతవాళ్లు. అది ఓదార్పో నిజమో గానీ, అక్కడ కూడా అదే జరిగింది.

1917 నవంబర్‌లో బెజవాడలో 'ఆంధ్రదేశ పంచమ మహాసభ'కు ఆయనను అధ్యక్షుడిగా పిలిచారు. ఈ జనమంతా ఊళ్లోకి వస్తున్నారని తెలిసి ఆ మూడు రోజులు కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. సభలో ఆయన మొదట ఎత్తిన అభ్యంతరం సభ పేరు మీదే. పంచములు అన్న మాట ఎవరో మనకు తగిలించింది, నాలుగు వర్ణాల తర్వాత ఐదోవాళ్లం కాము, ఈ నేల మొదటి మనుషులం మనం అన్నారు. సభ ముగిసేసరికి అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను జీవో ఇచ్చి ఒప్పుకుంది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల నాటికి ఆది హిందూ అన్న పేరు లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. దానికోసం సర్కారుకు అర్జీల మీద అర్జీలు పెట్టారు, వాడవాడలా తిరిగి, లెక్క రాసేవాడు వస్తే ఈ పేరు చెప్పండని నూరిపోశారు.

మా అబ్బాయి కూతురు హిస్టరీలో ఎం.ఏ. చేస్తోంది. ఈ వ్యాసం రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని తగువు పెట్టుకుంది.

"ఆది బాగనే ఉంది తాతా. పక్కన హిందూ ఎందుకు? బుద్ధ జయంతి చేసిన మనిషి ఆ మాట ఎట్ల ఒప్పుకున్నడు?"

ఆయన ఉద్దేశంలో హిందూ అంటే మతం కాదు, ఈ దేశపు మనిషి అని; ఆర్యులు రాకముందే ఇక్కడున్నవాళ్లమని చెప్పడానికి ఆ పేరని చెప్పాను. మద్రాసు వైపు ఆది ఆంధ్ర చెల్లింది. ఉర్దూ సర్కారు, తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే అంటరాని జనం ఉన్న రాజ్యంలో ఆంధ్ర అంటే సగంమంది బయట పడిపోతారు కదా అన్నాను.

"అది నీ లాజిక్కా, ఆయన లాజిక్కా?"

భాగ్యరెడ్డి వర్మ 1939 ఫిబ్రవరిలో పోయారు. అంబేద్కర్ నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది 1956లో. మధ్యలో ఈయన బతికి ఉంటే ఏ పేరు పెట్టుకునేవాడో నువ్వే చెప్పు అన్నాను. ఆమె 'భాగ్యనగర్' పాత సంచికలు దొరికితే చూసి చెబుతానంది. తన పరీక్ష వ్యాసం దాని మీదే రాస్తుందట, నా మాట అందులో ఉండదట.